షేర్‌పాయింట్ లైబ్రరీలో అనుమతి ఇచ్చినా కొన్ని ఫోల్డర్లు కొత్త బృందానికి ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయవాడలోని ఒక ఆడిట్ కార్యాలయంలో కంప్యూటర్ల వ్యవహారం నేను చూస్తున్నాను. మా క్లయింట్ల పత్రాలన్నీ షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో (పత్రాలను దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ సేవ) ఒకే సైట్‌లో, ఒకే డాక్యుమెంట్ లైబ్రరీలో ఉన్నాయి. ఒక్కో క్లయింటుకు ఒక ఫోల్డరు, దాని లోపల ఆర్థిక సంవత్సరాల వారీగా ఫోల్డర్లు, వాటిలో వర్కింగ్ పేపర్లు, ఉత్తర ప్రత్యుత్తరాలు, తుది నివేదికలు ఉంటాయి. మొదటి నుంచీ ‘ఆడిట్ సభ్యులు’ అనే షేర్‌పాయింట్ గ్రూపుకు లైబ్రరీ మొత్తం మీద ఎడిట్ అనుమతి ఉంది. ఇటీవల విశాఖపట్నంలో శాఖ తెరిచాక, అక్కడి పార్ట్‌నర్‌ను, ఆర్టికల్ అసిస్టెంట్లను (శిక్షణలో ఉన్న సీఏ విద్యార్థులు) కలిపి ‘విశాఖ బృందం’ అనే సెక్యూరిటీ గ్రూపును (ఒక సైట్‌కు కాక సంస్థ మొత్తానికి చెందిన గ్రూపు) తయారు చేసి, లైబ్రరీ అనుమతుల పేజీలో ఆ గ్రూపుకు కూడా ఎడిట్ ఇచ్చాము. అప్పటి నుంచి మూడు రకాల ఇబ్బందులు ఎదురవుతున్నాయి.

మొదటిది, విశాఖ వారికి చాలా క్లయింట్ ఫోల్డర్లు కనిపిస్తున్నాయి గాని కొన్ని అసలు కనిపించడం లేదు. కనిపించే ఫోల్డర్లలో కూడా కొన్ని ఫైళ్లు మాత్రమే ఉన్నాయి. ఉదాహరణకు ఒక క్లయింటు వర్కింగ్ పేపర్లలో అన్నీ కనిపిస్తుండగా ట్రయల్ బ్యాలెన్స్ ఫైలు ఒక్కటి కనిపించదు. లైబ్రరీ పేజీలో చెక్ పర్మిషన్స్ నొక్కి వారి పేరు ఇస్తే ఎడిట్ ఉన్నట్టే చూపిస్తోంది. రెండవది, జీఎస్టీ విభాగం నుంచి కొంతకాలం ఆడిట్ పనికి వచ్చిన ఒక సీనియర్‌కు అప్పట్లో లైబ్రరీ పేజీలో ఆయన పేరు మీదే అనుమతి ఇచ్చారు. ఆయన తిరిగి తన విభాగానికి వెళ్లాక ఆ పేరు తీసివేశాము. అయినా కొన్ని ఫోల్డర్లు ఆయనకు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి. మూడవది, ఒక ఆర్టికల్ అసిస్టెంట్ అప్‌లోడ్ చేసిన కొన్ని ఫైళ్లు ఆమెకు తప్ప ఇంకెవరికీ కనిపించడం లేదు.

యూనిక్ పర్మిషన్స్ (పై స్థాయితో సంబంధం లేకుండా విడిగా ఉన్న అనుమతులు) ఉన్న ప్రతి చోటా డిలీట్ యూనిక్ పర్మిషన్స్ నొక్కి అంతా లైబ్రరీకి కలిపేస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. నాకు సంకోచంగా ఉంది, ఎందుకంటే మా క్లయింట్లలో స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ఒక కంపెనీ ఉంది. ఇంకా ప్రకటించని త్రైమాసిక ఫలితాలు ఆ ఫోల్డరులో ఉంటాయి కనుక, ఆ పని చేసే కొద్దిమందికి మాత్రమే దాన్ని తెరిచి ఉంచాము. సరైన పద్ధతి ఏమిటో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. మీరు చెప్పిన మూడింటిలో మొదటి రెండింటికీ మూలం ఒక్కటే. మూడవది బహుశా అనుమతులకు సంబంధించినదే కాదు. దాని సంగతి వేరుగా చూడాలి. డిలీట్ యూనిక్ పర్మిషన్స్ మాత్రం ఇప్పుడే ఎక్కడా నొక్కకండి. ఆ బటన్ నొక్కిన క్షణంలో ఆ ఫోల్డరుకు ఉన్న సొంత జాబితా పోయి, పై ఫోల్డరును చూడగలిగినవారందరికీ అది తెరుచుకుంటుంది. వెనక్కి తిప్పే మార్గం లేదు. నమోదైన కంపెనీ ఫోల్డరు విషయంలో మీ సంకోచం పూర్తిగా సమంజసం.

షేర్‌పాయింట్‌లో అనుమతులు సైట్ నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి ఫోల్డరుకు, ఫోల్డరు నుంచి ఫైలుకు దిగుతాయి. మధ్యలో ఎవరూ ఏమీ మార్చకపోతే కింది మెట్టుకు సొంత జాబితా అంటూ ఉండదు, పైదే దానికీ వర్తిస్తుంది. ఎవరైనా ఒక ఫోల్డరు మీద స్టాప్ ఇన్‌హెరిటింగ్ పర్మిషన్స్ నొక్కినా, ఒక ఫైలును ఎవరికైనా లింకు ద్వారా పంచినా, ఆ క్షణానికి పైన ఉన్న జాబితా మొత్తం అక్కడికి నకలు అవుతుంది, ఆ తర్వాత పైన జరిగే మార్పులకూ దానికీ సంబంధం ఉండదు. ఇన్‌హెరిటెన్స్ (పై నుంచి అనుమతులు దిగడం) తెగడం అంటే ఇదే. రేషన్ కార్డును జిరాక్స్ తీయించిన తర్వాత అసలు కార్డులో కొత్త పేరు చేర్పించినా, పాత పేరు కొట్టివేయించినా జిరాక్స్ ప్రతి మారదు కదా, ఇదీ అంతే. మీ విశాఖ బృందం పేరు చేరింది అసలు జాబితాలో. సీనియర్ గారి పేరు తొలగింది కూడా అసలు జాబితాలోనే. అంతకుముందే తెగిపోయిన చోట్ల కొత్త పేరు లేదు, పాత పేరు పోలేదు.

ఇక్కడ చాలామంది గమనించని ముఖ్యమైన సంగతి ఒకటుంది. నకలు అయ్యేది గ్రూపు పేరే గాని, గ్రూపులోని మనుషుల పేర్లు కాదు. అందువల్ల ఆడిట్ సభ్యులు గ్రూపులో రేపు ఒక కొత్త వ్యక్తిని చేర్చితే, ఆ గ్రూపు పేరు నకలైన ప్రతి ఫోల్డరులో, ప్రతి ఫైలులో ఆ వ్యక్తికి ప్రవేశం వస్తుంది, ఇన్‌హెరిటెన్స్ తెగి ఉన్నా సరే. లైబ్రరీ పేజీలో కొత్త గ్రూపునో కొత్త వ్యక్తినో నేరుగా చేర్చితే మాత్రం, ఇంకా తెగని చోట్లకే అది చేరుతుంది. ఇంతకాలం కొత్తగా చేరిన ఆర్టికల్ అసిస్టెంట్లకు ఏ ఇబ్బందీ రాకుండా, విశాఖ వారికే వచ్చిందంటే కారణం ఇదేనని నా అభిప్రాయం.

నిర్ధారించుకోవడానికి విశాఖ వారికి కనిపించని ఫోల్డరును ఒక్కటి తీసుకోండి. దాన్ని ఎంచుకుని మేనేజ్ యాక్సెస్ తెరిచి, పైన ఉన్న మూడు చుక్కల నుంచి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్తే పాత తరహా అనుమతుల పేజీ వస్తుంది. పేజీ పైభాగంలోని పసుపు పట్టీలో, ఈ ఫోల్డరు పై నుంచి అనుమతులు తీసుకుంటోందో లేక దానికి యూనిక్ పర్మిషన్స్ ఉన్నాయో స్పష్టంగా రాసి ఉంటుంది. చెక్ పర్మిషన్స్ కూడా ఈ పేజీలోనే నొక్కి చూడండి. మీరు లైబ్రరీ పేజీలో నొక్కినప్పుడు వచ్చిన జవాబు లైబ్రరీకి సంబంధించినది, అది నిజమే. కాని లోపల తెగిపోయిన ఫోల్డరు గురించి అది ఏమీ చెప్పదు. కనిపించని ట్రయల్ బ్యాలెన్స్ ఫైలు మీద కూడా ఇదే పరీక్ష చేయండి. ఆ ఫైలును ఎవరో ఎప్పుడో క్లయింటు అకౌంటెంటుకు లింకుగా పంపి ఉంటారని అనుకుంటున్నాను.

లైబ్రరీ పేజీలో లిమిటెడ్ యాక్సెస్ అని కొన్ని పేర్లు కనిపిస్తే వాటిని తొలగించకండి. లోపలి ఒక్క ఫైలుకు అనుమతి ఉన్నవారు ఆ ఫైలు దాకా చేరుకోవడానికి షేర్‌పాయింట్ తనంతట తాను ఇచ్చే దారి అది. దానివల్ల వారికి మిగతా పత్రాలు కనిపించవు.

రెండవ సమాధానం

మూడవ ఇబ్బంది గురించి మాత్రమే రాస్తున్నాను. సైట్ కలెక్షన్ అడ్మినిస్ట్రేటర్ హోదా ఉన్న ఖాతాతో ఆ ఫోల్డరు తెరిచి చూడండి. ఆ హోదాకు అనుమతుల అడ్డు ఉండదు కనుక, ఆ ఖాతాకు కూడా ఫైళ్లు కనిపించకపోతే అది అనుమతుల సమస్య కాదు, చెక్ ఇన్ చేయని, అంటే పని ముగించి అందరికీ అందించని, ఫైళ్ల సమస్య. వెర్షనింగ్ సెట్టింగ్స్‌లో చెక్ అవుట్ (ఇతరులు మార్చకుండా ఫైలును తమ పేరున ఉంచుకుని పనిచేయడం) తప్పనిసరి అన్న ఎంపిక ఉన్న లైబ్రరీలో ఒకరు కొత్త ఫైలును అప్‌లోడ్ చేసి చెక్ ఇన్ చేయకపోతే, అది వారికి తప్ప ఇంకెవరికీ కనిపించదు. లైబ్రరీ సెట్టింగ్స్‌లో మేనేజ్ ఫైల్స్ విచ్ హ్యావ్ నో చెక్డ్ ఇన్ వెర్షన్ అన్న లింకు ఉంటుంది. అందులో అటువంటి ఫైళ్లన్నీ వస్తాయి. వాటిని ఎంచుకుని టేక్ ఓనర్‌షిప్ ఆఫ్ సెలెక్షన్ నొక్కితే అవి మీ పేరు మీదికి మారతాయి, అప్పుడు మీరే చెక్ ఇన్ చేయవచ్చు. ఆమె కార్యాలయంలోనే ఉన్నారు కనుక ఆమె చేతనే చెక్ ఇన్ చేయించడం ఇంకా మంచిది. అప్పుడు వెర్షన్ చరిత్రలో ఆమె పేరే నిలుస్తుంది, ఆడిట్ పత్రాల విషయంలో అది చిన్న సంగతి కాదు.

మైనర్ వెర్షన్లు (డ్రాఫ్టు ప్రతులు) గాని, కంటెంట్ అప్రూవల్ (ఒకరు ఆమోదించాకే ఫైలు అందరికీ కనిపించే పద్ధతి) గాని వాడుతుంటే అదే పేజీలో డ్రాఫ్ట్ ఐటమ్ సెక్యూరిటీని కూడా ఒకసారి చూడండి. ఆమోదించేవారికి, రాసినవారికి మాత్రమే డ్రాఫ్టులు కనిపించాలన్న ఎంపిక అక్కడ ఉంటే ఫలితం బయటికి ఇలాగే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే పరీక్షించాను. మూడవ ఇబ్బంది పూర్తిగా తీరింది. ఫైళ్లన్నీ చెక్ ఇన్ కానివే, ఆ అమ్మాయి చేతనే చేయించాము. చెక్ అవుట్ తప్పనిసరి అన్న ఎంపిక మాకు అవసరం లేదని పార్ట్‌నర్లు చెప్పడంతో దాన్ని తీసివేశాము.

కనిపించని ఫోల్డర్లకు యూనిక్ పర్మిషన్స్ ఉన్నాయి. వాటి జాబితాలో ఆడిట్ సభ్యులు గ్రూపు ఉంది, సీనియర్ గారి పేరు ఉంది, విశాఖ బృందం లేదు. ట్రయల్ బ్యాలెన్స్ ఫైలును నిరుడు లింకు ద్వారా క్లయింటు వారికి పంచినట్టు మేనేజ్ యాక్సెస్‌లో కనిపిస్తోంది. నమోదైన కంపెనీ ఫోల్డరులో ఆడిట్ సభ్యులు గ్రూపు లేదు, నలుగురైదుగురి పేర్లు విడిగా ఉన్నాయి.

ఇప్పుడు నా ప్రశ్న రెండు భాగాలు. లైబ్రరీ మొత్తంలో ఎక్కడెక్కడ తెగిందో జాబితా తీయడం ఎలా? మూయవలసినవి మూసే ఉంచి, మిగతావాటిని చక్కబెట్టడానికి ఏ వరుసలో పని చేయాలి? ఆడిట్ కాలం దగ్గరపడుతోంది కనుక విశాఖ వారికి త్వరగా పత్రాలు అందాలి.

మూడవ సమాధానం

త్వరగా కావలసిన పని ముందు చెబుతాను, ఎందుకంటే దానికి ఒక్క ఫోల్డరును కూడా ముట్టుకోనక్కరలేదు. ఒక షేర్‌పాయింట్ గ్రూపులో మరో షేర్‌పాయింట్ గ్రూపును చేర్చడం కుదరదు గాని, సెక్యూరిటీ గ్రూపును చేర్చవచ్చు. మీ విశాఖ బృందం సెక్యూరిటీ గ్రూపేనని రాశారు. దాన్ని ఆడిట్ సభ్యులు అనే షేర్‌పాయింట్ గ్రూపులో సభ్యునిగా చేర్చండి. పైన మొదటి సమాధానంలో చెప్పినట్టు, తెగిన ఫోల్డర్లన్నింటిలో ఆడిట్ సభ్యులు అన్న పేరు ఉంది కనుక, విశాఖ వారికి అవన్నీ తెరుచుకుంటాయి. నమోదైన కంపెనీ ఫోల్డరులో ఆ గ్రూపు పేరు లేదు కనుక అది మూసే ఉంటుంది. ఆ తర్వాత లైబ్రరీ పేజీలో విశాఖ బృందానికి నేరుగా ఇచ్చిన ఎడిట్‌ను తీసివేయండి. అది ఉంటే రేపు ఎక్కడ తెగినా ఆ పేరు కూడా విడిగా నకలు అవుతూ పోతుంది. గ్రూపు సభ్యత్వంలో మార్పు అందరికీ వెంటనే కనిపించకపోవచ్చు, వారిని ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ రమ్మని చెప్పండి.

ఇది చేయడానికి ముందు ఒక జాగ్రత్త. ఆడిట్ సభ్యులు గ్రూపు ఈ లైబ్రరీలోనే కాక సైట్‌లో ఇంకెక్కడ వాడుకలో ఉందో చూడండి. విజయవాడ సిబ్బంది సెలవుల రిజిస్టరో, జీతాల పట్టికో అదే సైట్‌లో అదే గ్రూపుకు తెరిచి ఉంటే అవి కూడా విశాఖ వారికి తెరుచుకుంటాయి. సైట్ అనుమతుల పేజీలో ఆ గ్రూపును తెరిచి, సెట్టింగ్స్‌లో వ్యూ గ్రూప్ పర్మిషన్స్ నొక్కితే కొంతవరకు తెలుస్తుంది.

సీనియర్ గారి విషయంలో ఒక్కో ఫోల్డరుకు వెళ్లి పేరు తీయవలసిన పని లేదు. పీపుల్ అండ్ గ్రూప్స్ అనే పాత పేజీలో సైట్‌కు తెలిసిన వ్యక్తులందరి జాబితా తెరిచి, ఆయన పేరును ఎంచుకుని, యాక్షన్స్ నుంచి డిలీట్ యూజర్స్ ఫ్రమ్ సైట్ కలెక్షన్ ఎంచుకుంటే, ఆ సైట్‌లోని గ్రూపులనుంచి, పేరు మీద నేరుగా ఇచ్చిన అనుమతుల నుంచి ఆయన ఒకేసారి తొలగుతారు. ఆయన అసలు ఖాతాకు ఏమీ కాదు. ఆ సైట్‌లో ఆయనకు నిజంగా అవసరమైనది ఏదైనా ఉంటే తగిన గ్రూపులో మళ్లీ చేర్చవచ్చు. కార్యాలయంలోని అందరికీ పనిచేసే లింకులు కొన్ని చోట్ల ఉండి, అటువంటి లింకు ఆయన మెయిల్‌లో ఉంటే మాత్రం, ఆ ఫైలు తెరుచుకుంటూనే ఉంటుంది. ఆ లింకులను విడిగా తీయాలి.

ఇక జాబితా. లైబ్రరీ అనుమతుల పేజీలో, కొన్ని ఐటమ్‌లకు యూనిక్ పర్మిషన్స్ ఉండవచ్చు అన్న పట్టీ పక్కనే షో దీజ్ ఐటమ్స్ అనే లింకు ఉంటుంది. చిన్న లైబ్రరీకి అది చాలు. దానికంటే మేలైనది సైట్ యూసేజ్ పేజీలో ఉంది. అక్కడ షేర్డ్ విత్ ఎక్స్‌టర్నల్ యూజర్స్ అన్న చోట రన్ రిపోర్ట్ నొక్కి, నివేదికను ఎక్కడ ఉంచాలో చెబితే ఒక సీఎస్‌వీ ఫైలు తయారవుతుంది. శీర్షిక చూసి బయటివారి సంగతే ఉంటుందనుకోవద్దు, లోపలివారి అనుమతులు, లింకులు కూడా అందులో వస్తాయి. ఆ ఫైలులోనే ఎవరికి ఏది తెరిచి ఉందో మొత్తం రాసి ఉంటుంది కనుక, దాన్ని అందరూ చూసే ఫోల్డరులో తయారు చేయించకండి.

పవర్‌షెల్ (ఆదేశాలు రాసి పని చేయించే సాధనం) అలవాటు ఉన్నవారైతే, షేర్‌పాయింట్ కోసం ఉన్న పీఎన్‌పీ పవర్‌షెల్ అనే మాడ్యూల్‌తో లైబ్రరీలోని ఒక్కో ఐటమ్‌ను తీసుకుని, దాని హ్యాజ్ యూనిక్ రోల్ అసైన్‌మెంట్స్ అనే గుణం నిజమా కాదా అని అడగవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే పాత స్క్రిప్టులు చాలావరకు లాగిన్ దగ్గరే ఆగిపోతాయి, కారణం ఏమిటంటే ఆ మాడ్యూల్ అందరికీ కలిపి వాడుకునే యాప్ రిజిస్ట్రేషన్‌ను 2024 సెప్టెంబరు 9న తొలగించారు. ఇప్పుడు ప్రతి సంస్థా ఎంట్రాలో (మైక్రోసాఫ్ట్ ఖాతాల నిర్వహణ సేవ) సొంతంగా ఒక యాప్‌ను నమోదు చేసుకుని, దానితో లాగిన్ కావాలి. ఒక్కో విడతలో తెచ్చే ఐటమ్‌ల సంఖ్యను 5,000 మించకుండా పెట్టుకోండి. లిస్ట్ వ్యూ పరిమితి అదే.

జాబితా చేతికి వచ్చాక పార్ట్‌నర్లతో కూర్చుని ఒక్కో ఫోల్డరుకు ఎదురుగా అది కావాలని మూసినదా, పంచడం వల్ల తెగినదా, కారణం ఎవరికీ తెలియనిదా అని రాయించుకోండి. ఈ నిర్ణయం కంప్యూటర్లు చూసేవారు తీసుకోవలసినది కాదు. ఏ క్లయింటు పత్రం ఎవరు చూడవచ్చునో చెప్పే బాధ్యత పార్ట్‌నర్లదే. క్లయింటు సమాచారాన్ని అనుమతి లేకుండా ఇతరులకు తెలియజేయడం 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండవ షెడ్యూలులో వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. కారణం తెలియనివాటిని, తెలిసేవరకు మూసే ఉంచండి.

పంచడం వల్ల తెగినవాటిని పై నుంచి కిందికి చక్కబెట్టండి: ముందు క్లయింటు ఫోల్డరు, తర్వాత సంవత్సరం ఫోల్డరు, చివర ఫైళ్లు. పై ఫోల్డరును కలిపేశాం కాబట్టి లోపలివి కూడా కలిసిపోయాయని ఊహించుకోకుండా ప్రతిసారీ షో దీజ్ ఐటమ్స్ మళ్లీ చూడండి. డిలీట్ యూనిక్ పర్మిషన్స్ నొక్కితే ఆ ఫైలు మీద ఇచ్చిన పంచుడు లింకులు కూడా పనిచేయడం మానేస్తాయి. క్లయింటు వారు ఇంకా ఆ లింకు ద్వారానే బ్యాంకు నిర్ధారణ పత్రాలు చూస్తూ ఉంటే, మరుసటి రోజు ఉదయమే ఫోను వస్తుంది. ముందుగా చెప్పి చేయండి. మరొక సంగతి, లింకును ఒక్కదాన్నే తీసివేసినంత మాత్రాన ఆ ఫైలు తిరిగి పై ఫోల్డరుకు అతుక్కోదు, సొంత జాబితాతోనే మిగిలిపోతుంది.

లైబ్రరీ ఇంకా పెరగక ముందే ఈ పని చేయడం మంచిది. ఒక లైబ్రరీలో యూనిక్ పర్మిషన్స్ గల చోట్లు 50,000 వరకు ఉండవచ్చని మైక్రోసాఫ్ట్ పరిమితి పెట్టింది గాని, 5,000 దాటనివ్వవద్దన్నది వారి సిఫారసు. లైబ్రరీలో గాని, ఒక ఫోల్డరులో గాని ఐటమ్‌లు 1,00,000 దాటితే, ఆ లైబ్రరీ లేదా ఆ ఫోల్డరు స్థాయిలో ఇన్‌హెరిటెన్స్‌ను తెంచడమూ కుదరదు, తిరిగి కలపడమూ కుదరదు. లోపలి ఒక్కో ఐటమ్ మీద మాత్రమే చేయగలరు. ఏళ్ల తరబడి వోచర్ల స్కాన్‌లు పేరుకునే ఆడిట్ లైబ్రరీకి ఆ సంఖ్య అంత దూరం కాదు.

నాలుగవ సమాధానం

పై వారు చెప్పిన వరుస సరైనదే, కాని నమోదైన కంపెనీ పత్రాలను అందరి లైబ్రరీలో ఒక మూసిన ఫోల్డరుగా కొనసాగించడాన్ని నేను అంగీకరించలేను. ఒక ఫోల్డరు మూసి ఉందన్న సంగతి దాన్ని తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూసినవారికే తెలుస్తుంది. రేపు మరో ఉద్యోగి వచ్చి, తప్పుడు అనుమతులను సరిచేస్తున్నాననుకుని ఒక బటన్ నొక్కితే, ప్రకటించని ఫలితాలు రెండు శాఖల సిబ్బంది అందరి ముందుకూ వస్తాయి. సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిషేధ నిబంధనల ప్రకారం, అటువంటి సమాచారం ఎవరెవరికి అందిందో పేర్లతో సహా నమోదు చేసి ఉంచాలి. ఫోల్డరులో విడిగా ఇచ్చిన పేర్లను నమ్ముకుని ఆ నమోదును సరిగా నిర్వహించడం కష్టం. ఆ క్లయింటుకు వేరే సైట్ పెట్టండి. సైట్ సభ్యుల జాబితా ఒక్కచోట ఉంటుంది, లోపల ఎక్కడా ఏదీ తెంచవలసిన అవసరం రాదు.

అలాగని ప్రతి క్లయింటుకూ ఒక సైట్ పెట్టమని నేను అనను. చిన్న వ్యాపారుల ట్యాక్స్ ఆడిట్ పత్రాలు ఒకే లైబ్రరీలో, ఒకే గ్రూపు కింద, తెగకుండా ఉండడమే అందరికీ సౌకర్యం. ఎవరు చూడవచ్చు అన్న ప్రశ్నకు జవాబు మారిన చోట మాత్రమే సైట్‌గాని, లైబ్రరీగాని మారాలి.

షేర్‌పాయింట్‌తో ఎక్కువకాలం పనిచేసినవారికి ఈ సంగతి తెలుసు: 2003 వెర్షన్‌లో అనుమతులు లైబ్రరీ స్థాయితో ఆగేవి, ఫోల్డరుకూ ఫైలుకూ విడిగా ఇచ్చే వీలు 2007 వెర్షన్‌తో వచ్చింది. ఆ వీలు నిజంగా అవసరమైన సందర్భాలు ఉన్నాయి. కాని లైబ్రరీ నిర్మాణాన్ని ఫోల్డరు అనుమతుల మీద నిలబెట్టడం మొదలయ్యాక మీరు వర్ణించిన పరిస్థితికే అందరూ చేరుకోవడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

పూర్తయిన ఆడిట్‌ల గురించి కూడా ఒక మాట. ఆడిట్ నివేదిక తేదీ తర్వాత సాధారణంగా 60 రోజుల్లో ఫైలును ముగించాలని, ఏడేళ్లకు తక్కువ కాకుండా భద్రపరచాలని మీ వృత్తి ప్రమాణాలు చెబుతాయి. ముగిసిన ఫోల్డర్లను ఎవరూ మార్చకుండా ఉండడానికి ఒక్కో దాని మీద ఇన్‌హెరిటెన్స్ తెంచి రీడ్ ఇవ్వడం కొన్ని కార్యాలయాల్లో అలవాటు. ఏటా అన్ని క్లయింట్ల ఫోల్డర్లూ అలా తెగుతూ పోతాయి. దానికి బదులు, ఆడిట్ సభ్యులు గ్రూపుకు రీడ్ మాత్రమే ఉన్న వేరే లైబ్రరీ ఒకటి పెట్టి, ముగిసిన ఫోల్డరును మూవ్ టు ద్వారా అక్కడికి చేర్చండి. ఫైళ్లు కొత్త చోటి అనుమతుల కిందికి వస్తాయి, వెర్షన్ చరిత్ర కూడా వాటితో వెళ్తుంది. కాపీ టు వాడితే పాత వెర్షన్లు రావు. ఏడేళ్ల భద్రత మాత్రం అనుమతులతో అయ్యే పని కాదు. ఓనర్ హోదా ఉన్నవారు ఎప్పుడైనా తొలగించగలరు, రీసైకిల్ బిన్‌లో 93 రోజుల తర్వాత ఏమీ మిగలదు. దానికి రిటెన్షన్ పాలసీ (నిర్ణీత కాలం వరకు ఫైళ్లు పోకుండా కాపాడే నియమం) పెట్టించుకోవాలి.

ఇంకొకటి, ఆర్టికల్ అసిస్టెంట్లకు ఎడిట్ స్థాయి అవసరమా అన్నది ఆలోచించండి. ఆ స్థాయి ఉన్నవారు ఫైళ్లనే కాదు, లైబ్రరీనే తొలగించగలరు. రోజువారీ పనికి కంట్రిబ్యూట్ చాలు.

ప్రశ్న అడిగినవారు

విశాఖ బృందాన్ని ఆడిట్ సభ్యులలో చేర్చగానే, ఒకసారి సైన్ అవుట్ అయి వచ్చిన తర్వాత వారికి ఫోల్డర్లన్నీ, ఆ ట్రయల్ బ్యాలెన్స్ ఫైలు కూడా కనిపించాయి. నమోదైన కంపెనీ ఫోల్డరు కనిపించలేదని ప్రత్యేకంగా పరీక్షించి చూసుకున్నాము. సీనియర్ గారి పేరును సైట్ నుంచి తొలగించాము. ఆ కంపెనీకి వేరే సైట్ పెట్టడానికి పార్ట్‌నర్లు ఒప్పుకున్నారు, జాబితా మీద వారితో కూర్చోవడం వచ్చేవారం.

ఒక్క సందేహం మిగిలింది. మా వాళ్లు ఒకరికొకరు ఫైలు పంపేటప్పుడు మెయిల్‌లోనో టీమ్స్‌లోనో కాపీ లింక్ నొక్కి పంపడం మానరు. అలా పంపిన ప్రతిసారీ ఫైలు తెగుతూ ఉంటే ఈ పనంతా మళ్లీ మొదటికి వస్తుంది కదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మాన్పించనక్కరలేదు, లింకు రకాన్ని మార్చితే చాలు. పీపుల్ విత్ ఎగ్జిస్టింగ్ యాక్సెస్ అనే లింకు ఎవరికీ కొత్త అనుమతి ఇవ్వదు. అది ఫైలు చిరునామా మాత్రమే కనుక ఇన్‌హెరిటెన్స్ చెక్కుచెదరదు. షేర్‌పాయింట్ అడ్మిన్ సెంటర్‌లో ఆ సైట్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ లింకు రకంగా దాన్ని పెట్టించండి. అప్పుడు కాపీ లింక్ నొక్కిన ప్రతివారికీ ముందుగా అదే వస్తుంది, క్లయింటుకు పంపవలసి వచ్చినప్పుడు మాత్రం కావాలని వేరే రకాన్ని ఎంచుకుంటారు. సైట్ అనుమతుల్లో చేంజ్ హౌ మెంబర్స్ కెన్ షేర్ అన్న చోట, పంచే అధికారాన్ని ఓనర్లకు మాత్రమే పరిమితం చేసే ఎంపిక కూడా ఉంది. మీ కార్యాలయంలో అంత అవసరమో లేదో పార్ట్‌నర్లు నిర్ణయించాలి.

ఇలా మార్చాక, అనుమతి లేనివారు లింకు నొక్కితే యాక్సెస్ కోరే పేజీ వస్తుంది, ఆ విన్నపం ఓనర్లైన మీకు చేరుతుంది. మెయిల్‌లో వచ్చే ఆమోదం బటన్‌ను వెంటనే నొక్కకండి. ఆ ఫైలు ఒక్కదాని మీద ఆ వ్యక్తి పేరుతో అనుమతి ఏర్పడి, ఇన్‌హెరిటెన్స్ అక్కడే తెగుతుంది. ఆ వ్యక్తికి ఆ క్లయింటు పని నిజంగా అప్పగించారేమో పార్ట్‌నర్‌ను అడిగి, అవునంటే గ్రూపులో చేర్చండి, కాదంటే విన్నపాన్ని తిరస్కరించండి.